ఇంట్లో పులి... వీధిలో పిల్లి!

యంత్రం నడుస్తోంది. కరెంటు ఉంది. కేబులు తెగలేదు. అయినా కాపలా తెర మీద ఎర్ర చుక్క! నెట్‌వర్కులు నడిపేవాళ్లకు కంటిమీద కునుకు లేకుండా చేసే ఈ చిక్కుకు మూలం చాలాసార్లు ఒకే ఒక్క వరసలో దాక్కుని ఉంటుంది. ఏమిటా వరస? దాన్ని పట్టుకోవడం ఎలా?

నందిగామలో ఓ ఇంటర్నెట్ కేబుల్ ఆఫీసును ఊహించుకోండి. పొద్దున తొమ్మిది గంటలు. టేబుల్ మీద కంప్యూటర్ తెర. దానినిండా పచ్చ చుక్కలు. ఒక్కటి మాత్రం ఎర్రగా వెలుగుతోంది. జగ్గయ్యపేటలో నిన్న సాయంత్రమే పెట్టిన కొత్త సర్వరు అది. పెట్టి వచ్చిన కుర్రాడే మళ్లీ బండి తీశాడు. హైదరాబాద్ రోడ్డు మీద లారీలను తప్పించుకుంటూ పాతిక ముప్పై కిలోమీటర్లు వెళ్లాడు. గది తాళం తీసి, కీబోర్డు ముందు కూర్చుని, ఫోన్ చేశాడు.

''అన్నా, ఇక్కడ అంతా బాగానే ఉంది.''

''బాగుంటే ఇక్కడ ఎర్రగా ఎందుకు చూపిస్తోందిరా?''

''నేను అడిగితే అన్నీ చెబుతోందన్నా. వేడి ఎంత, డిస్కు ఎంత నిండింది... అన్నీ! తేడా మీ దగ్గరే ఉంది.''

''మిగతా ఇరవై చుక్కలూ పచ్చగానే ఉన్నాయి కదరా... తేడా నా దగ్గరెందుకుంటుంది?''

ఇద్దరూ చెప్పింది నిజమే! సర్వరు బతికే ఉంది. అడిగితే జవాబూ చెబుతోంది. కాకపోతే ఎదురుగా కూర్చున్నవాడికి మాత్రమే చెబుతోంది. బయటి నుంచి ఎవరు పిలిచినా పలకడం లేదు. మనుషుల గురించి పెద్దవాళ్లు చెప్పిన 'ఇంట్లో పులి, వీధిలో పిల్లి' సామెత ఈ యంత్రానికి అతికినట్టు సరిపోతుంది. సన్నివేశం ఊహించిందే. జబ్బు మాత్రం నిజం. ఊళ్లో చిన్న ఆపరేటరు నుంచి మహానగరంలో పెద్ద కంపెనీ దాకా నెట్‌వర్కు పని చేసేవాళ్లను ఎప్పుడో ఒకప్పుడు ఏడిపించిందే.

కాపలా కాసే కాకులు

ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం ఇది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. కేబుల్ ఆపరేటరంటే ఒకప్పుడు టీవీ చానళ్లు ఇచ్చేవాడే. ఇప్పుడలా కాదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, అక్కణ్నుంచి ఇంటిదాకా చేర్చే పనిని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించిన పథకమది. ప్రైవేటు కంపెనీల ఫైబరూ పల్లెలకు పాకింది. పత్తి అమ్మిన డబ్బు బ్యాంకులో పడిందో లేదో చూసుకోవాలన్నా, కిరాణా కొట్లో ఫోన్‌తో పైకం చెల్లించాలన్నా, పిల్లలు పరీక్ష ఫలితాలు చూసుకోవాలన్నా ఆ సన్నటి గాజుతీగే ఆధారం.

తీగ పెరిగేకొద్దీ దాన్ని మోసే యంత్రాలూ పెరిగాయి. ఈ సెంటర్లో ఓ డబ్బా, ఆ గదిలో ఓ స్విచ్చు, ఇంకోచోట సర్వరు. ప్రతిదాని దగ్గరా మనిషిని కూర్చోబెట్టలేం. అందుకే కాపలా పని కూడా కంప్యూటర్‌కే అప్పగించారు. అది కొన్ని నిమిషాలకోసారి అన్నింటినీ 'ఎలా ఉన్నావ్?' అని అడుగుతుంది. జవాబొస్తే పచ్చ. రాకపోతే ఎరుపు.

ఈ పలకరింపులకు పెద్ద చరిత్రే ఉంది. 'అక్కడున్నావా?' అని అడిగే 'పింగ్' కార్యక్రమాన్ని 1983 డిసెంబరులో అమెరికా సైనిక పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ రాశాడు. జలాంతర్గాములను వెతికే సోనార్ చప్పుడే దానికి పేరైంది. యంత్రాల కుశలమంతా అడిగి తెలుసుకునే 'ఎస్‌ఎన్‌ఎంపీ' భాషకు తొలి ప్రమాణం 1988లో వచ్చింది. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ విడుదల చేసిన కాపలా కార్యక్రమం తర్వాత 'నాగియోస్'గా పేరు మార్చుకుంది. ఆపైన లాట్వియా నుంచి 'జాబిక్స్' వచ్చింది.

వీటన్నింటిలో అందమైన పేరు 'మునిన్'ది. ఉత్తర యూరప్ పురాణాల్లో ఓడిన్ అనే దేవుడికి రెండు మాలకాకులుంటాయి. అవి రోజూ లోకమంతా తిరిగి, చూసిందంతా ఆయన చెవిలో చెబుతాయి. ఆ రెంటిలో ఒకదాని పేరే మునిన్. అంటే జ్ఞాపకం. నందిగామ, జగ్గయ్యపేటల మధ్య వచ్చిన చిక్కేమిటంటే... కాకి గూడు దాటి రావడం లేదు. తన కబురు తనకే చెప్పుకుంటోంది!

127... ఇంటి లోపలి పిలుపు

అదెలాగో అర్థం కావాలంటే కంప్యూటర్‌ను ఓ ఇల్లనుకోవాలి. ఆ ఇంటికి వీధిలోవాళ్లు పిలిచే నంబరొకటి ఉంటుంది. ఉదాహరణకు 192.168.10.5. నందిగామ నుంచి వచ్చే ప్రశ్న ఈ నంబరు వెతుక్కుంటూ వస్తుంది. దాంతోపాటు ప్రతి కంప్యూటర్‌కూ ఇంకో నంబరుంటుంది. 127.0.0.1. దీన్నే 'లోకల్‌హోస్ట్' అంటారు. ఈ నంబరుకు పంపిన మాట గుమ్మం దాటదు. తిరిగి తన దగ్గరికే వస్తుంది. వంటింట్లోంచి పడగ్గదిలోకి కేకేసినట్టన్నమాట.

ప్రపంచంలో ఏ కంప్యూటర్‌కైనా 127.0.0.1 అంటే 'నేనే' అని అర్థం. 127తో మొదలయ్యే నంబర్లన్నింటినీ ఈ స్వగతానికే కేటాయించాలని 1986 నాటి ఇంటర్నెట్ పత్రాల్లోనే రాసుకున్నారు. కోటీ 67 లక్షలకు పైగా నంబర్లవి!

ఇక ఇంట్లో బోలెడన్ని గుమ్మాలుంటాయి. వాటినే పోర్టులంటారు. ఎస్‌ఎన్‌ఎంపీది 161. మునిన్‌ది 4949. నాగియోస్ వాడే సహాయకుడు 'ఎన్‌ఆర్‌పీఈ'ది 5666. జాబిక్స్ ఏజెంటుది 10050. ఒక్కో సేవ తన గుమ్మం దగ్గర చెవి ఒగ్గి కూర్చుంటుంది. కూర్చునేముందు అది ఓ నిర్ణయం తీసుకోవాలి. వీధివైపు చెవి పెట్టాలా, ఇంటి లోపలికి మాత్రమే పెట్టాలా? ఆ నిర్ణయం ఉండేది సెట్టింగుల ఫైలులో. ఒకే ఒక్క వరసలో! అక్కడ 127.0.0.1 అని ఉంటే లోపలి పిలుపులే వినిపిస్తాయి. 192.168.10.5 అని ఉంటే వీధి పిలుపు వినిపిస్తుంది. 0.0.0.0 అని ఉంటే వచ్చిన ప్రతి పిలుపూ వింటుంది.

జగ్గయ్యపేట కుర్రాడు అడిగింది 127.0.0.1ని. నందిగామ కంప్యూటర్ అడిగింది 192.168.10.5ని. ప్రశ్న ఒకటే, యంత్రం ఒకటే. వినే చెవులు వేరు.

భయమే కారణం

మరి కాపలా కోసమే పుట్టిన సేవను లోపల కూర్చోబెట్టడమెందుకు? వీధిలో దొంగలున్నారు కాబట్టి!

2002 ఫిబ్రవరిలో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎస్‌ఎన్‌ఎంపీని పరీక్షించి చెప్పిన సంగతి ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. ఎన్నో కంపెనీల పరికరాల్లో ఈ సేవకు తేడాగా ఉన్న ప్రశ్నలు పంపితే పరికరమే కుప్పకూలుతోందని తేలింది. 2017 మొదట్లో ఇంకో ముచ్చట. ఇంటర్నెట్‌కు తలుపులు బార్లా తెరిచి, తాళం కూడా లేకుండా వదిలేసిన మాంగోడీబీ సమాచార నిధులను దొంగలు వేల సంఖ్యలో ఖాళీ చేసి, 'డబ్బిస్తేనే తిరిగిస్తాం' అని చీటీ పెట్టిపోయారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి అది పుట్టుకతోనే లోకల్‌హోస్ట్‌కు పరిమితమైంది. 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ మీద సెకనుకు 1.35 టెరాబిట్ల వరద విరుచుకుపడింది. వీధివైపు చెవి పెట్టుకుని కూర్చున్న 'మెమ్‌క్యాష్‌డ్' సర్వర్లనే దుండగులు పావులుగా వాడుకున్నారు.

ఇలాంటి దెబ్బలు తిన్నాకే తయారీదారులు జాగ్రత్తపడ్డారు. డెబియన్, ఉబుంటు లాంటి లినక్సుల్లో ఎస్‌ఎన్‌ఎంపీ సేవను ఎక్కించగానే అది 127.0.0.1కే పరిమితమై ఉంటుంది. 'వీధి తలుపు ఎప్పుడు తీయాలో, ఎవరికి తీయాలో ఇంటి యజమానే నిర్ణయించుకోవాలి' అన్నది వాళ్ల ఉద్దేశం. యజమానికి ఆ సంగతి తెలియకపోతేనే... రెండు ఊళ్ల మధ్య ఫోన్లు!

పట్టుకోవడం ఎలా?

మొదట నందిగామ నుంచి పింగ్ కొట్టాలి. జవాబొస్తే దారి బాగున్నట్టే. చాలామంది ఇక్కడే పొరబడతారు. పింగ్‌కు జవాబిచ్చేది ఇల్లు. గుమ్మం దగ్గర కూర్చున్న సేవ కాదు. ఇంట్లో దీపం వెలుగుతోందంటే తలుపు తీస్తారని కాదు కదా.

తర్వాత ఆ గుమ్మాన్నే నేరుగా తట్టాలి. 'టెల్‌నెట్' అయినా 'ఎన్‌సీ' అయినా ఇందుకు సరిపోతుంది. తట్టినప్పుడు వచ్చే జవాబును జాగ్రత్తగా చదవాలి. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వెంటనే వస్తే... కబురు ఇంటిదాకా చేరింది, ఆ గుమ్మం దగ్గర వినేవాళ్లు లేరని చాలాసార్లు అర్థం. ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేకుండా 'టైమౌట్' అయితే, మధ్యలో ఫైర్‌వాల్ మింగేసి ఉండొచ్చు. ఎస్‌ఎన్‌ఎంపీతో మాత్రం ఈ తేడా చూసి నిర్ణయానికి రాకూడదు. అది యూడీపీ పద్ధతిలో మాట్లాడుతుంది. చెవులు మూసుకున్నా, ఫైర్‌వాల్ ఆపినా, అడిగినవాడికి కనిపించేది చాలావరకు టైమౌటే.

మూడో మెట్టు జగ్గయ్యపేట సర్వరు మీద. 'ఎస్‌ఎస్' అనే ఆదేశం ఇస్తే ఏ సేవ ఏ చిరునామా మీద వింటోందో వరసగా చూపిస్తుంది. పాత యంత్రాల్లో అయితే 'నెట్‌స్టాట్'. చూడాల్సింది స్థానిక చిరునామా గడి. అందులో గుమ్మం నంబరు ముందు 127.0.0.1 కనిపించిందా... దొంగ దొరికినట్టే. ఐపీవీ6లో ఇదే సంగతిని రెండు చుక్కల జంట పక్కన 1 వేసి చూపిస్తుంది.

ఇంకో చిట్కా ఉంది. సర్వరు ముందు కూర్చున్నప్పుడు 127.0.0.1ని అడగకుండా, అదే సర్వరు వీధి నంబరును అడగాలి. అక్కడా 'రెఫ్యూజ్డ్' వచ్చిందంటే దారిదీ కాదు, నందిగామదీ కాదు, తప్పు. సేవ చెవే అటు లేదు. మన కుర్రాడు నిన్న సాయంత్రం ఈ ఒక్క పరీక్ష చేసుంటే ఇవాళ పెట్రోలు మిగిలేది!

తప్పు దొరికాక దిద్దడం తేలిక. ఎస్‌ఎన్‌ఎంపీకి 'ఏజెంట్ అడ్రస్' వరస, మునిన్‌కు 'హోస్ట్' వరస, ఎన్‌ఆర్‌పీఈకి 'సర్వర్ అడ్రస్' వరస... వీటిలో వీధి నంబరు రాయాలి. సేవను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఫైలు మార్చి ఊరుకుంటే పాత చెవే కొనసాగుతుంది.

ఇక్కడ కరెంటు కోతల ఊళ్లకు ప్రత్యేకంగా ఓ హెచ్చరిక. సేవకు ఫలానా నంబరు మీదే వినమని రాసినప్పుడు, కరెంటు పోయి వచ్చాక నెట్‌వర్కు లేవకముందే సేవ లేస్తే, 'ఆ చిరునామాయే లేదు' అంటూ అది పడిపోయే ప్రమాదముంది. అందుకే నెట్‌వర్కు లేచాకే సేవ లేచేలా వరస పెట్టుకోవాలి. మార్పు చేశాక ఒకసారి సర్వరును ఆపి, మళ్లీ వేసి చూసుకోవడం మంచిది. డాకర్ లాంటి డబ్బాల్లో నడిపేవాళ్లకు ఇంకో మెలిక. డబ్బా లోపల 127.0.0.1 అంటే ఆ డబ్బా మాత్రమే. బయట ఉన్న సర్వరు కూడా దానికి పరాయిదే.

తలుపు తీసినా చీటీ ఉండాలి

వరస దిద్దారు. సేవ వీధివైపు తిరిగింది. అయినా ఎర్ర చుక్క పోలేదు! అప్పుడు చూడాల్సింది రెండో గడియ. ఈ సేవలన్నీ 'ఎవరడిగితే చెప్పాలి' అనే జాబితా ఒకటి దగ్గర పెట్టుకుంటాయి. మునిన్‌లో 'అలౌ', ఎన్‌ఆర్‌పీఈలో 'అలౌడ్ హోస్ట్స్', జాబిక్స్‌లో 'సర్వర్' అనే వరసలవి. సాధారణంగా వీటిలో మొదట ఉండేది మళ్లీ 127.0.0.1 ఒక్కటే. నందిగామ నంబరు అందులో లేకపోతే తలుపు తెరుచుకున్నట్టే తెరుచుకుని, మాట పలక్కుండా మూసుకుంటుంది. ఆ లక్షణం కనిపిస్తే చెవిది కాదు, జాబితాది తప్పని అర్థం.

మూడో గడియ ఫైర్‌వాల్. నందిగామ కంప్యూటర్‌కు మాత్రమే ఆ గుమ్మం దాకా దారి వదలాలి. విసుగొచ్చి '0.0.0.0 పెట్టేద్దాం, ఫైర్‌వాల్ తీసేద్దాం' అనుకుంటే చుక్క పచ్చబడుతుంది, నిజమే. దాంతోపాటు దొంగలకూ పచ్చజెండా ఊపినట్టవుతుంది. ఎస్‌ఎన్‌ఎంపీకి 'పబ్లిక్' అనే పాత సంకేతపదం అలాగే ఉంచితే ఇక చెప్పనక్కర్లేదు. దానికి సరైన తాళాలు వేసే మూడో వెర్షన్ ప్రమాణాలు 2002లోనే స్థిరపడ్డాయి.

అసలు తలుపు తీయకుండానే పని జరిగే మార్గాలూ ఉన్నాయి. సేవను 127.0.0.1 మీదే ఉంచి, నందిగామ కంప్యూటర్ 'ఎస్‌ఎస్‌హెచ్' అనే భద్రమైన సొరంగం గుండా లోపలికొచ్చి, ఇంట్లో మనిషిలా అడగడం ఒకటి. సర్వరే తన కబురును బయటికి పంపడం రెండోది. జాబిక్స్‌లో దీన్ని 'యాక్టివ్' పద్ధతి అంటారు. బయటి నుంచి నేరుగా చేరుకోలేని కనెక్షన్ల వెనుక ఉన్న ఊళ్ల సర్వర్లకు ఈ రెండో పద్ధతి బాగా నప్పుతుంది.

ఏరు పొంగిన రోజు

ఇంత చిన్న విషయానికి ఇంత హడావుడి ఎందుకంటారా? 2024 సెప్టెంబరు 1ని ఈ మెట్ట జనం మరిచిపోలేరు. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారిని ముంచేసింది. పాలేరు పొంగి గరికపాడు దగ్గర దారి మూసేసింది. విజయవాడ వైపు ఐతవరం, హైదరాబాద్ వైపు గరికపాడు. మధ్యలో నందిగామ, జగ్గయ్యపేట! అంతకుముందు ఏడాది జులై చివర్లోనూ ఐతవరం దగ్గర ఇదే కథ. అలాంటి రోజున విజయవాడ నుంచి మెకానిక్ రాలేడు. ఏ యంత్రం నడుస్తోందో, ఏది ఆగిందో దూరం నుంచి చెప్పగలిగేది ఆ తెర మీది చుక్కలే.

అవే అబద్ధం చెబితే? నాలుగు రోజులు ఎర్రగా కనిపించి, వెళ్లి చూస్తే బాగానే ఉన్న చుక్కను ఐదో రోజు ఎవరూ పట్టించుకోరు. 'దాని సంగతి తెలిసిందేలే' అనేస్తారు. నాన్నా పులి కథే! నిజంగా పులొచ్చిన రాత్రి ఎవరూ లేవరు.

మున్నేరు మీద కీసర దగ్గర కేంద్ర జలసంఘం నీటిమట్టం కొలిచే కేంద్రం ఉంది. అక్కడ కొలిచిన అంకె దిగువ ఊళ్లకు చేరితేనే దానికి విలువ. కొలిచినవాడి దగ్గరే ఉండిపోతే నీరు పెరిగిందన్న సంగతి అతనికి తెలుస్తుంది. ముంపులో ఉన్నవాడికి తెలియదు. నెట్‌వర్కు కాపలాదీ అదే తీరు.

జేబులో ఉంచుకోండి!

* సర్వరు దగ్గర జవాబొచ్చిందని పని ముగించొద్దు. కాపలా కంప్యూటర్ నుంచి అడిగి చూశాకే గది తాళం వేయాలి.

* పింగ్ పలికినంత మాత్రాన సేవ పలుకుతున్నట్టు కాదు.

* 'రెఫ్యూజ్డ్' వస్తే ముందు చెవి చూడాలి. 'టైమౌట్' వస్తే దారి, ఫైర్‌వాల్ కూడా చూడాలి. ఎస్‌ఎన్‌ఎంపీ అయితే మూడూ చూడాలి.

* చిరునామా, జాబితా, ఫైర్‌వాల్... గడియలు మూడు. ఒక్కోటే తీస్తూ ప్రతిసారీ పరీక్షించాలి.

* మార్చిన వరసను, తేదీని నోటుపుస్తకంలో రాసుకోవాలి. రేపు మరొకరు వచ్చినా వెతుక్కోనక్కర్లేదు.

మళ్లీ జగ్గయ్యపేట గదిలోకి వెళితే... కుర్రాడు ఈసారి వీధి నంబరును అడిగాడు. 'రెఫ్యూజ్డ్'! నాలిక కరుచుకున్నాడు. ఫైలు తెరిచి ఓ వరస దిద్దాడు. కింద జాబితాలో నందిగామ నంబరు చేర్చాడు. సేవను ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు.

''అన్నా, ఇప్పుడు చూడు.''

''ఆఁ... పచ్చబడిందిరా! ఏంటి సంగతి?''

''నిన్న దాన్ని ఇంట్లోంచే పిలిచి చూశానన్నా. వీధిలోంచి పిలవలేదు.''